మిరప కోతలప్పటి గ్రామసభ

ఒంగోలు
18 ఏప్రిల్ 2003

ఖాజాబీకి,

ముందు ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకో, తర్వాత చదువు. మీ బోడెమ్మపాడుకు బహుమతి వచ్చింది! మా ‘పల్లెమాట’ సంస్థా, ప్రభుత్వం పై ఆఫీసు వాళ్లూ కలిసి నలభై ఊళ్లలో గ్రామసభలు ఎలా జరుగుతున్నాయో పరిశీలించారు. జనం బాగా వచ్చిన ఊళ్లలో మీదే మొదటిది. ఫిబ్రవరి ఇరవై నాలుగున జరిగిన సభకు మూడు వందల పన్నెండు మంది వచ్చారట. అందులో మీ దూదేకుల పేట నుంచే నూట అరవై మూడు! ఆగస్టులో ఇక్కడ మీటింగు పెట్టి మీ సర్పంచి యలమంద గారికి శాలువా కప్పుతారు. ఏడో వార్డు మెంబరువి కాబట్టి నువ్వూ స్టేజీ ఎక్కాలి.

రిజిస్టరులో నీ సంతకం ఉంది. పదో తరగతిలో పెట్టినట్టే, చివర ఇంత పొడుగు తోక లాగావు. హాస్టల్లో వార్డెన్ ఎదుట నోరు విప్పాల్సి వస్తే నన్ను ముందుకు తోసి వెనక దాక్కునేదానివి. అలాంటిదానివి సభలో కూర్చుని తీర్మానం చేశావంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆడవాళ్లకు సీట్లిస్తే మొగుళ్లే పెత్తనం చేస్తారని మా ఆఫీసులో వాగేవాళ్లకు నీ పేరు చెప్పి నోళ్లు మూయించాను.

మిరప కోతల నుంచి ఎప్పుడొచ్చావు? చేతుల మంట తగ్గిందా? ఎస్టీడీ బూతులో మాట్లాడితే ఊరంతా వింటారంటావు. సరే, ఉత్తరమైనా రాయి.

నీ
లక్ష్మీదుర్గ

బోడెమ్మపాడు
25 ఏప్రిల్ 2003

దుర్గా,

నేను క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయబుద్ధి కావడం లేదు.

ఏ సభ? ఎక్కడ జరిగింది? ఫిబ్రవరి ఇరవై నాలుగున నేను సత్తెనపల్లి అవతల ఒక ఆసామి చేలో నడుము వంచి మిరపకాయ కోస్తున్నాను. నేనొక్కదాన్నే కాదు. పేటలో తొంభై గడపలుంటే, ముసలివాళ్లు తప్ప అందరం ఫిబ్రవరి మొదటి వారంలోనే ట్రాక్టర్లెక్కి పోయాం. నలభై రోజులు చేలోనే టార్పాలిన్ పట్టాలు కట్టుకుని, అక్కడే వండుకుని తిన్నాం. వార్డు మెంబరు కూలికొచ్చిందేమిటని ఆ ఊరి ఆడవాళ్లు నవ్వారు కూడా. మెంబరు గిరీ కూడు పెడుతుందా అన్నాను.

మరి పేట నుంచి ఆ నూట అరవై మూడు మంది ఎవరే? ఆ రోజు ఇక్కడున్నది ఇరవై మంది ముసలాళ్లు, కొన్ని కోళ్లు. కోళ్ల చేత కూడా వేలిముద్రలు వేయిస్తే తప్ప ఆ లెక్క కుదరదు. నా సంతకం అంటావా, నేను పెట్టలేదు. ఎవరో పెట్టి ఉంటారు.

ఆ సభలో ఏం తీర్మానం చేశారో నాకు కావాలి. ఊరికి సాగర్ నీళ్ల పైపు వస్తుందని, పేటలో పద్నాలుగు కుళాయిలు పెడతారని ఎలక్షన్లప్పుడు చెప్పారు. ఆ ఒక్క మాట కోసమే నేను మెంబరుగా నిలబడ్డాను. మా బోరు నీళ్లు ఫ్లోరైడువని డాక్టర్లు వచ్చి చెప్పి పోయి ఆరేళ్లయింది. మా అత్త రసూల్‌బీకి యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్లు వంగిపోయి గోడ పట్టుకుని నడుస్తుంది. మా అనీసాకు తొమ్మిదేళ్లు. పళ్ల మీద మచ్చలు పడి, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఇప్పుడు ఊళ్లో పైపుల మాటెత్తితే అందరూ మొహం తిప్పుకుంటున్నారు.

మా ఆయన గౌస్ బాషాకు పరుపులు కుట్టే పని కన్నా సర్పంచి గారి అరుగు మీద కూర్చునే పని ఎక్కువైంది. ఆయన్ని అడిగితే “నీకెందుకు?” అన్నాడు. నాకెందుకో చెప్తాను. ముందు నువ్వు తీర్మానం ఉన్నది ఉన్నట్టు రాసి పంపు.

ఖాజాబీ

ఒంగోలు
3 మే 2003

ఖాజాబీకి,

రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. మా ఆఫీసులో ఉన్న నకలు చూసి ఎక్కించింది ఇది:

“పేటలో ఇళ్లు చెదురుగా ఉన్నందునను, అచ్చటి బోరు నీరు త్రాగుటకు యోగ్యముగా ఉన్నదని ఏడవ వార్డు సభ్యురాలు ధ్రువీకరించినందునను, పేట వాసుల పూర్తి సమ్మతితో మంచినీటి పైపులైనును కొత్త కాలనీ వరకు మాత్రమే వేయుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.”

కింద నీ సంతకం. దానికి జత చేసిన కాగితాల మీద నూట అరవై రెండు వేలిముద్రలు.

రెండుసార్లు చదివాను. బోరు నీళ్లు మంచివని నువ్వే చెప్పావట! ఆ నీళ్లు తలుచుకుని నువ్వు హాస్టల్లోనే ఏడ్చేదానివి, ఇంటికి వెళ్తే మళ్లీ అవే తాగాలని.

దారి ఉంది, విను. ఆగస్టులో ఇంజనీర్లు పైపులైను ఖాయం చేస్తారు. ఈలోగా ఊళ్లో ఓటర్లలో పదోవంతు మంది రాసిస్తే సర్పంచి ప్రత్యేక సభ పెట్టి తీరాలి. ఆ సభలో పాత తీర్మానం కొట్టేసి కొత్తది రాయొచ్చు. పేట ఒక్కటి కదిలినా సంఖ్య సరిపోతుంది. అర్జీ ఎలా రాయాలో వేరే కాగితం మీద పెట్టాను. చూసి నీ చేత్తో రాసుకో, ఆ కాగితం చింపెయ్యి. ఇందులో నా పేరు రానివ్వకు.

దుర్గ

బోడెమ్మపాడు
14 మే 2003

దుర్గా,

కోపం తెచ్చుకోవద్దంటావా. ఉన్న కోపం పెట్టుకోవడానికే చోటు చాలడం లేదు.

పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. మెంబరునై రెండేళ్లవుతోంది, ఆ గడప తొక్కడం ఇది మూడోసారి. సెక్రటరీ కోటేష్ కుర్చీ చూపించాడు గానీ పుస్తకం చూపించలేదు.

“సభ ఎప్పుడు పెట్టారండీ?” అని అడిగాను.

“అందులో డేటు ఉంది గదమ్మా.”

“ఆ రోజు పేటలో మనుషుల్లేరు.”

“ఏలిముద్రలున్నయ్యి గదమ్మా!”

ఆ వేలిముద్రల సంగతి అప్పుడు తట్టింది. సంక్రాంతి వెళ్లిన వారంలో ఈయనే పేటకు వచ్చాడు. రేషన్ కార్డులు మారుస్తున్నారంటూ ఇల్లిల్లూ తిరిగి తెల్లకాగితాల మీద వేళ్లు ఒత్తించుకుపోయాడు. నేనే దగ్గరుండి “వేయండి, వేయండి” అని అందరినీ పిలిచాను. ఆ మాటే మొహాన అడిగితే, “ఎందుకమ్మా గోల? ఊరికి మంచి పేరొచ్చింది. పెద్దోళ్లొచ్చి పుస్తకాలన్నీ జూసి బాగున్నయ్యన్నారు. నువ్వు బాగలేదంటే ఎవురు నమ్ముతారు?” అన్నాడు.

ఆ పెద్దవాళ్లెవరే? మీ సంస్థ తరఫున ఎవరు వచ్చారు? నాకు ఆ మనిషి పేరు రాసి పంపు. పిలిపించి మా బోరు గట్టు మీద కూర్చోబెట్టి ఒక చెంబుడు నీళ్లు తాగిస్తాను. తాగి బాగున్నాయంటే ఇంకో చెంబు పోస్తాను. పేట దాకా రాకుండా, ఒక్క మనిషిని పలకరించకుండా, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని మా నోట్లోంచి రాని మాటలకు మార్కులు వేసి పోయాడే, వాడికి అన్నం ఎలా సహిస్తుంది?

అర్జీ రాశాను. సంతకాలకు తిరుగుతున్నాను. ఈసారి ప్రతి గడపలోనూ కాగితం పైకి చదివి, అర్థమైందా అని అడిగి, ఆ తర్వాతే వేలు పెట్టమంటున్నాను. ఇంటికి అరగంట పడుతోంది. పట్టనీ.

ఆ పేరు మాత్రం మర్చిపోకు.

ఖాజాబీ

‘పల్లెమాట’ స్వచ్ఛంద సంస్థ
ఒంగోలు
27 మే 2003

శ్రీమతి ఖాజాబీ గారికి,

మీ ఉత్తరం అందింది. పరిశీలనకు ఎవరు వచ్చారన్నది ముఖ్యం కాదు. నిర్ణీత ఫారం ప్రకారమే అన్ని ఊళ్లూ చూశారు. రికార్డులు సక్రమంగా ఉన్నాయని మా డైరెక్టరు గారి అభిప్రాయం. మా సంస్థా, ప్రభుత్వమూ భాగస్వాములుగా పనిచేస్తున్నప్పుడు ఒకరి మీద ఒకరు నిందలు వేసుకుంటే ఇన్నాళ్ల కృషి వృథా అవుతుందని కూడా వారు అన్నారు.

ఒక విషయం మాత్రం తేల్చి చెప్పవలసింది. ఆ సంతకం మీది కాదని మీరు రాశారు. ఫోర్జరీ అయితే అది పోలీసు కేసు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం చేసి పంపగలరా?

ఇట్లు
కె. లక్ష్మీదుర్గ
ఫీల్డ్ కోఆర్డినేటర్

బోడెమ్మపాడు
8 జూన్ 2003

లక్ష్మీదుర్గ గారూ,

అబ్బో! పదహారేళ్ల స్నేహంలో నన్ను మీరు అన్నది ఇదే మొదటిసారి. అచ్చు కాగితం మీద రాస్తే మర్యాద దానంతట అదే వస్తుంది కాబోలు.

నీ ప్రశ్న నాకు గుచ్చుకుంది. పది రోజులు జవాబు రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సంతకం నాదే.

నెలనెలా మా ఆయన మినిట్స్ పుస్తకం ఇంటికి తెస్తాడు. నేను పొయ్యి దగ్గరుంటే, ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తాడు. చేతి తడి పైటకు తుడుచుకుని పెడతాను. ఒక్కసారి కూడా చదవలేదు. పదో తరగతి దాకా చదివినదాన్ని, పేటలో ఉత్తరాలన్నీ చదివి పెట్టేదాన్ని, నా పేరు కింద ఏముందో చదవలేదు! కోతలకు పోయే ముందురోజు కూడా పుస్తకం తెచ్చాడు. “నలభై రోజులుండవు గదా, పని ఆగిపోద్ది, నాలుగు పేజీల మీద పెట్టి పో,” అన్నాడు. ఖాళీ పేజీలు. పెట్టాను. ఊరెళ్తూ తాళంచెవి పక్కింట్లో ఇచ్చినట్టు సంతకం ఇచ్చి పోయాను. మొదట నీకు అబద్ధం రాశాను. నన్ను చూసి గర్వంగా ఉందని రాశావు కదా, ఆ గర్వం పోతుందని సిగ్గేసింది.

కాబట్టి పోలీసులూ వద్దు, ఫోర్జరీలూ వద్దు. జరిగింది జరిగినట్టు సభలోనే చెప్తాను. అర్జీ మీద రెండు వందల నలభై మంది పేర్లు పడ్డాయి. యలమంద గారు అర్జీ తీసుకోనన్నారు. రిజిస్టరు పోస్టులో పంపితే తీసుకోక తప్పలేదు. జూలై ఇరవై ఆదివారం సభ. తప్పు ఒప్పుకుంటే మెంబరు గిరీ ఊడుతుందని కోటేష్ కబురు పెట్టాడు. మా ఆయన నాతో మాట్లాడి ఎనిమిది రోజులయింది. కంచం ముందు పెడితే తింటాడు, లేస్తాడు, అంతే.

ఇక నీ సంగతి. నీ మొదటి ఉత్తరం తీసి మళ్లీ చదివాను. “మిరప కోతల నుంచి ఎప్పుడొచ్చావు?” అని అడిగావు. మెంబరునయ్యాక పోయిన ఏడాది నేను కోతలకు పోలేదు. ఈ ఏడు పోతున్నానని నీకు రాయనూ లేదు. నీకెవరు చెప్పారు దుర్గా?

ఖాజాబీ

ఒంగోలు
20 జూన్ 2003

ఖాజాబీ,

నీకు మార్కులు వేసింది నేనే.

మార్చి ఐదున వచ్చాను. ఆ రోజు నాలుగు ఊళ్లు చూడాలి, జీపు డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. కోటేష్ కూల్‌డ్రింకు తెప్పించి రిజిస్టర్లు వరసగా పేర్చాడు. నా ఫారంలో నలభై గళ్లు. రిజిస్టరు ఉందా, ఉంది. తేదీ ఉందా, ఉంది. సంతకాలున్నాయా, ఉన్నాయి. నీ సంతకం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్ను ఒక్కసారి చూసి పోదామని, డ్రైవరును పది నిమిషాలు ఆగమని బతిమాలి పేటలోకి వచ్చాను.

అవును, పేటలోకి వచ్చాను. తాళాలు చూశాను. వరసగా అన్ని తలుపులకూ తాళాలే. మీ ఇంటి ముందు మీ అత్తగారు కూర్చుని ఉన్నారు. “అందరూ కోతలకు పోయారమ్మా, నెలయింది,” అన్నారు. మంచినీళ్లు ఇవ్వబోయారు. వద్దన్నాను, జీపులో బాటిల్ ఉంది.

నెలయింది అన్నారు. సభ జరిగినట్టు రాసుకుని పది రోజులు. ఆ లెక్క వేయడానికి ఎంత చదువు కావాలి? జీపు ఎక్కాక ఆ ఆలోచన వచ్చింది. వచ్చింది ఖాజాబీ, రాలేదని నీకు అబద్ధం చెప్పను. వెనక్కి తిరిగి అడిగితే మిగతా ఊళ్లు ఆగిపోతాయి, డైరెక్టరు గారు చీవాట్లు పెడతారు, ఫారంలో ఆ ప్రశ్నకు గడి కూడా లేదు. “హాజరు: సంతృప్తికరం” అని రాసి సంతకం పెట్టాను. నువ్వు ఖాళీ కాగితం మీద పెట్టావు. నేను నిండా రాసిన అబద్ధం కింద, తెలిసి పెట్టాను. మన ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో నేను చెప్పనక్కర్లేదు. ఆ అచ్చు కాగితం మీది ఉత్తరం డైరెక్టరు గారు పక్కన నిలబడి చెప్తుంటే రాసింది. అలా రాసినందుకు కూడా సిగ్గుగా ఉంది.

జరిగిందంతా రాసి, సంతకం చేసి ఇందులో పెట్టాను. సభలో చదివి వినిపించు. నేను రాలేను. వస్తే ఉద్యోగం ఉండదని నిన్ననే చెప్పారు.

దుర్గ

బోడెమ్మపాడు
26 జూన్ 2003

దుర్గా,

నీ కాగితం తిప్పి పంపిస్తున్నాను. చదవను.

కాగితాలు చదివి, కాగితాల మీద పెట్టి, కాగితాలు చూసే కదే ఇంతదాకా తెచ్చాం! మనుషులు లేకుండా సభ జరిపారని మనం వాళ్లను తిడుతున్నాం. నువ్వు లేకుండా నీ మాట నేను చదివితే అది మాత్రం ఏమిటి? కోటేష్ లేచి, ఆమె రాసిందని గ్యారంటీ ఏమిటంటాడు. అలా అనడం న్యాయమే కూడా.

ఉద్యోగం పోతే బాధే. నాకు తెలుసు, నీ జీతం మీదే మీ ఇల్లు నడుస్తోంది. రావద్దనుకుంటే రాకు, నీ మీద కోపం పెట్టుకోను. కానీ రాకుండా వచ్చినట్టు మాత్రం ఇంకోసారి రాయించుకోకు.

జూలై ఇరవై, ఆదివారం, స్కూలు ఆవరణలో, పొద్దున పదకొండింటికి.

ఖాజాబీ

(పోస్టుకార్డు)

ఒంగోలు, 5 జూలై
వస్తున్నాను. చెంబు కడిగి పెట్టు. – దుర్గ

బోడెమ్మపాడు
23 జూలై 2003

దుర్గా,

నువ్వు నాలుగు గంటల బస్సు ఎక్కేశావు. తర్వాతే అసలు సభ జరిగింది.

ముందు ఒక మాట. యలమంద గారు వేలు చూపించి “ఈ ఊళ్లో ఓటు లేనిదానివి, నీకు నోరెత్తే హక్కు లేదు,” అన్నప్పుడు నువ్వు కూర్చుండిపోతావేమోనని భయపడ్డాను. “నా ఓటు ఇక్కడ లేదండీ, నా తప్పు ఇక్కడుంది. చెప్పి పోతాను,” అన్నావు చూడు, పేట ఆడవాళ్లు ఇంకా ఆ మాటే అనుకుంటున్నారు. నీ గొంతు వణికింది. వణికితే వణికింది, మైకు లేకుండానే చివరి వరస దాకా వినపడింది. నేను ఖాళీ పేజీల సంగతి చెప్పినప్పుడు మగవాళ్లు కొందరు నవ్వారు. నీ తర్వాత ఎవరూ నవ్వలేదు.

నువ్వు వెళ్లగానే యలమంద గారు లేచి, “ఏదో పొరపాటు జరిగింది, మేం జూసుకుంటాం, ఇక పదండి,” అన్నారు. కోటేష్ పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు. అదీ వాళ్ల ఎత్తు. ఇవాళ అందరూ ఇళ్లకు పోతే, రేపు పుస్తకంలో వాళ్లకు కావాల్సింది రాసుకుంటారు. నేను వెళ్లి స్కూలు గేటు ముందు కూర్చున్నాను. నా వెనక ఖాదరమ్మ, సైదాబీ, ఆ వెనక పేటంతా. ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఎవరి చొక్కా పట్టుకోలేదు. “ఇక్కడే రాయండి, పైకి చదవండి, తర్వాత పోదురు,” అన్నాం. కొత్త కాలనీ వాళ్లు కూడా కొందరు వచ్చి కూర్చున్నారు, అది నేను అనుకోలేదు.

రెండు గంటలు అలాగే ఉన్నాం. యలమంద గారు స్కూటరు స్టార్టు చేస్తారు, ఆపుతారు. అప్పుడు మా ఆయన వచ్చాడు. నెలన్నర నుంచి నాతో మాట్లాడని మనిషి, వాళ్లమ్మను వీపున వేసుకుని ఊరి మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చాడు. నా వైపు చూడలేదు. ఆమెను కోటేష్ కుర్చీ ముందు దించి, పక్కన నిలబడ్డాడు.

మా అత్త చీర మోకాళ్ల దాకా లాగింది. ఆ వంకర కాళ్లు నీకు తెలుసు. “ఆ నీళ్లు మంచియ్యని రాసుకున్నారంట గదా నాయనా. ఇయి జూసి రాయి,” అంది.

కోటేష్ సంచిలోంచి పుస్తకం తీశాడు. పాత తీర్మానం రద్దు, పైపులైను పేట చివరి ఇంటి దాకా, పద్నాలుగు కుళాయిలు. రెండుసార్లు చదివించాను. ఆఖరి అక్షరం కింద మిగిలిన ఖాళీ అంతా అడ్డంగా గీత కొట్టించి, అప్పుడు సంతకం పెట్టాను. తర్వాత ఒక్కొక్కరూ పేరు పైకి చెప్పి మరీ వేలు పెట్టారు. దీపాలు పెట్టే వేళయింది.

బయటికొస్తుంటే యలమంద గారు, “నీ మెంబరు గిరీ ఎట్టా ఉంటదో జూస్తా,” అన్నారు. “పోనీండి. ఇన్నాళ్లూ ఉండి నేను చేసిందేముంది? ఇవాళ ఒక్కరోజు చేశాను,” అన్నాను. ఇంటికొచ్చాక మా ఆయన, “ఇంక ఆ పుస్తకం నేను మొయ్యను,” అన్నాడు. అంతే. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

నీ ఉద్యోగం ఏమైంది? దాచకుండా రాయి.

ఖాజాబీ

ఒంగోలు
19 ఆగస్టు 2003

ఖాజాబీ,

పోయింది. ఊహించిందే కదా. వెళ్లిన మర్నాడే పిలిచి, సంస్థ పరువు తీశానని చెప్పి తాళాలు ఇచ్చెయ్యమన్నారు. ఇంట్లో అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు కాన్వెంటు స్కూల్లో లెక్కలు చెప్తున్నాను. జీతం సగం. బస్సు కోసం పరుగెత్తుతున్నప్పుడు ఆ జీపు గుర్తొచ్చి తిక్కరేగుతుంది, కాదనను.

కానీ విను. బహుమతుల మీటింగు ఆపేశారు. నువ్వు తిప్పి పంపిన నా కాగితం పై ఆఫీసుకు పోస్టు చేశాను. అక్కడ ఒక పెద్దావిడ అది చదివి, నలభై ఊళ్లూ మళ్లీ చూడమన్నారట. ఫారం కూడా మార్చారు. కొత్త గడి ఒకటి పెట్టారని పాత స్నేహితురాలు చెప్పింది: “సభకు వచ్చినట్టు రాసిన పది మందిని ఇళ్లకు వెళ్లి అడిగారా?” నన్ను తీసేసి నా మాట ఉంచుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాను.

ఆదివారాలు ఖాళీ. ఇక్కడ ఇంకో ఇద్దరు టీచర్లు, ఒక రిటైరైన పోస్టుమాస్టరు గారు కలిశారు. ఎవరైనా పిలిస్తే సొంత చార్జీలతో వెళ్లి, పుస్తకం జనం ముందు పైకి చదివి పెడదామని అనుకుంటున్నాం. పిలిచే ఊరు ఏదైనా ఉందా?

దుర్గ

బోడెమ్మపాడు
14 డిసెంబరు 2003

దుర్గా,

ఉంది. పక్క ఊరి మెంబరు బసవమ్మ నిన్న మా ఇంటికొచ్చింది. “నేను కూడా ఖాళీ పేజీల మీద పెట్టినానక్కా, ఎన్నో కూడా తెలవదు,” అని వాపోయింది. వచ్చే ఆదివారం మీ నలుగురూ రండి. భోజనం మా ఇంట్లోనే.

నన్ను తీసెయ్యడానికి నోటీసు వచ్చింది. ఖాళీ పేజీల మీద ఎందుకు పెట్టావో సంజాయిషీ ఇమ్మన్నారు. పెట్టింది నిజమని, అయితే నింపింది ఎవరో వాళ్లనూ అడగండని రాసి పంపాను. విచారణ తేలేదాకా మెంబరునే.

పైపులు వేశారు. మొన్న మధ్యాహ్నం కాంట్రాక్టరూ, కోటేష్ కలిసి పని పూర్తయిందన్న కాగితం తెచ్చారు. వార్డు మెంబరు సంతకం కావాలట. చదివాను. “పద్నాలుగు కుళాయిలు పనిచేయుచున్నవి” అని ఉంది. కూర్చోమని చెప్పి పేటలోకి కేకేశాను. కుళాయికొక ఆడమనిషి బిందెతో నిలబడింది. నీళ్లు వస్తే ఎవరి పేరు వాళ్లు గట్టిగా చెప్పాలి. నేను మధ్యలో నిలబడి లెక్క పెట్టాను.

ఖాదరమ్మ పలికింది. సైదాబీ పలికింది. మా కుళాయి దగ్గర అనీసా, “అనీసా!” అని పేటంతా వినపడేలా అరిచింది. తొమ్మిది పేర్లు వచ్చాయి. తర్వాత చాలాసేపు చూశాం. ఏ పేరూ రాలేదు.

కోటేష్ కాగితం ముందుకు చాపి, “తొమ్మిదొచ్చినయ్యి గదమ్మా. ఆ ఐదూ రేపోమాపో వస్తయ్యి. పెట్టండి సంతకం,” అన్నాడు.

“వచ్చినరోజే పెడతాను.”

“అప్పుడు మీరు మెంబరుగా ఉండకపోతే?”

“అప్పుడు వచ్చే మెంబరు నా పక్కనే నిలబడి లెక్కపెడుతుందిలేండి,” అన్నాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయారు. చివరి ఐదు కుళాయిల దగ్గర ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. నిన్నా నిలబడ్డారు, ఇవాళా నిలబడ్డారు. బిందె కింద పెట్టమంటే, నా పేరు ఇంకా చెప్పలేదుగా అంటున్నారు. ఈ ఉత్తరం రాస్తుండగానే పారలు భుజాన వేసుకుని ఇద్దరు కూలీలు వచ్చారు. పదో కుళాయి దగ్గర గుంట తవ్వుతున్నారు.

ఖాజాబీ
ఏడో వార్డు మెంబరు, ఇవాళ్టికి